ట్రినిడాడ్‌లో ఏం తిన్నాం, ఎక్కడ తిన్నాం, ఎక్కడ డబ్బులు దండగ చేశాం

ముందే చెప్పేస్తున్నా, కరేబియన్ దీవి ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బస బుక్ చేసుకునేటప్పుడు బ్రేక్‌ఫాస్ట్ కలిపి తీసుకోకండి. మేము తీసుకున్నాం. మనిషికి రోజుకి 12 అమెరికన్ డాలర్లు ఎక్కువ కట్టి, మొదటి రోజు తిన్నది చల్లారిన టోస్టు రెండు ముక్కలు, ఒక పుచ్చకాయ ముక్క. రెండో రోజు నుంచి పోతే పోయాయి డబ్బులని ఉదయం ఆరున్నరకే రోడ్డు మీద డబుల్స్ అనే అక్కడి టిఫిన్ అమ్మే బండి దగ్గర నిలబడ్డాం. ఈ దీవిలో తిండి రోడ్డు మీదే ఉంది, అదీ వేళ ప్రకారం ఉంది. పొద్దున దొరికేది మధ్యాహ్నం వెతికితే దొరక్కపోవచ్చు.

మేము ముగ్గురం. నేను, మా ఆయన, తెనాలి నుంచి మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చి ఉన్న మా అత్తయ్య. డిసెంబర్ సెలవులు, న్యూయార్క్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్, సుమారు ఐదు గంటలు. తెలిసినవాళ్లంతా డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా వెళ్లి రిసార్టులో పడుకోమన్నారు గానీ అత్తయ్య పూర్తి శాకాహారి, అక్కడ ఆవిడకి వారం రోజులు సలాడ్ పెట్టడం నా వల్ల కాదు. ట్రినిడాడ్ అయితే మన దేశం నుంచి వెళ్లినవాళ్లు బోలెడంతమంది. 1845 మే 30న ఫటెల్ రజాక్ అనే ఓడలో మొదటి కూలీలు దిగారు, చెరకు తోటల పనికి 1917 దాకా అలా వస్తూనే ఉన్నారు. ఎక్కువమంది భోజ్‌పురీ వాళ్లు, మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లు కొద్దిమంది. అందుకని అక్కడ ఇడ్లీ, సాంబారు ఆశించి వెళ్లకండి. ఆ మాటకొస్తే ఉత్తరాది తిండి అనుకున్నా పొరపాటే, 180 ఏళ్లలో అది పూర్తిగా వాళ్లదైపోయింది.

డబుల్స్ అంటే రెండు మెత్తటి పూరీల లాంటివి, వాటిని బారా అంటారు, పసుపు వేసి చేస్తారు, మధ్యలో శనగల కూర, పైన దోసకాయ తురుము, చింతపండు చట్నీ, కుచేలా అనే మామిడి తురుము పచ్చడి, మిరపకాయ సాస్. 1936లో ప్రిన్సెస్ టౌన్‌లో డీన్ కుటుంబం మొదలుపెట్టిందని చెబుతారు. మొదట ఒకే బారా మీద శనగలు పెట్టి ఇచ్చేవారట, జనం రెండు వెయ్యమని అడగడంతో ఆ పేరు వచ్చిందట. ఒకటి అమెరికన్ డాలరుకి అటూఇటూ. బండి వాడు అడిగేది ఒకటే ప్రశ్న, కారం ఎంత అని. "స్లైట్", అంటే కొంచెమే, అనండి చాలు. మా ఆయన గుంటూరు మిరపకాయ తిన్న నోరు నాది అంటూ ఎక్కువ వెయ్యమన్నాడు. అక్కడిది మన ఎండు మిరప కారం కాదు మహానుభావా, బుడ్డ మిరపకాయలు, 2012లో ప్రపంచంలోకెల్లా ఘాటైందని తేల్చిన మొరూగా స్కార్పియన్ పుట్టిందే ఈ దీవిలో. రెండో ముద్దకే చెవులు ఎర్రబడి, పక్కన ఆఫీసుకి వెళ్తున్న ఒకావిడ జాలిపడి తన జ్యూస్ ఇచ్చింది. అత్తయ్య మాత్రం కారం లేకుండా మూడు తిని, "పూరీ కన్నా తేలిగ్గా ఉంది కదే" అన్నారు.

మధ్యాహ్నానికి రోటీ షాపులు. అడగాల్సినవి రెండు. ధాల్‌పూరీ, అంటే లోపల పొడి చేసిన పప్పు పెట్టిన పెద్ద రోటీ, తీపి లేని బొబ్బట్టు అనుకోండి, అందులోనే కూర పెట్టి పొట్లంలా మడిచి ఇస్తారు. రెండోది బస్ అప్ షట్, చిరిగిపోయిన చొక్కా అని అర్థం, పెనం మీదే పరాఠాని చెక్క గరిటెలతో కొట్టి పీలికలు చేస్తారు. నాకు రెండోదే నచ్చింది. గుమ్మడికాయ కూర, బోడీ అనే అలసంద కాయల కూర, చేమాకు భాజీ, శనగలు ఆలూ, ఇవన్నీ శాకాహారమే. వాళ్లు కోడి, మేక కూరల్లో వాడే మసాలా మనదానిలా గుమ్మున లేవదు, వేయించిన జీలకర్ర ముందుంటుంది, వెనక షాడో బెనీ అని పొడుగాటి ఆకు, కొత్తిమీరకి పెద్దన్నలా ఘాటు వాసన. మా ఆయన బాతు కూర తిని మాట్లాడలేదు, అంటే బాగుందని. మేము ఒకరోజు రెండున్నరకి వెళ్తే కూరలన్నీ అయిపోయి బంగాళాదుంప మిగిలింది, పన్నెండుకే వెళ్లండి.

నన్నడిగితే మొత్తం ట్రిప్‌లో ఒక్కచోటుకే వెళ్లే టైమ్ ఉంటే డెబే వెళ్లమంటాను. శాన్ ఫెర్నాండో దాటాక చిన్న ఊరు, రోడ్డు పక్కన వరసగా నూనె బాండీలు. మేము కారు మాట్లాడుకున్నాం, దారిలో వాటర్లూ దగ్గర సముద్రంలో కట్టిన గుడి కూడా చూపించాడు డ్రైవర్. డెబేలో సహీనా అంటే చేమాకుకి పిండి రాసి చుట్టి వేయించినది, బైగనీ అంటే అచ్చంగా వంకాయ బజ్జీ, ఫులౌరీ అంటే పప్పు పిండితో పునుగులు, పక్కన చింతపండు చట్నీ. అత్తయ్య అక్కడ బండి ఆవిడతో ఇరవై నిమిషాలు మాట్లాడారు, ఈవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆవిడకి తెలుగు రాదు, అయినా పిండిలో పసుపు ఎంతో, సోడా ఎంతో తెలుసుకునే వచ్చారు.

మరాకస్ బీచ్‌లో బేక్ అండ్ షార్క్ గురించి అందరూ ఊదరగొడతారు. బేక్ అన్నారు గానీ అది నూనెలో వేయించిన పొంగిన రొట్టే, మధ్యలో షార్క్ చేప ముక్క, చట్నీలు, అనాసపండు ముక్కలు మనమే వేసుకోవాలి. పేరున్న కొట్టు రిచర్డ్స్, క్యూ చాంతాడంత. బాగుంది, కానీ గంట నిలబడేంత కాదు, పక్క కొట్లలో కింగ్‌ఫిష్‌తో చేసింది దొరికితే అది తినండి, షార్కులు ఎలాగూ తగ్గిపోతున్నాయి. నాకు అంతకన్నా నచ్చింది దారిలో. అమెరికా నేవీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన కొండ రోడ్డది, పైన ఆగే చోట చౌ అమ్ముతారు. మామిడికాయ, అనాస ముక్కలకి ఉప్పు, మిరపకాయ, వెల్లుల్లి, షాడో బెనీ కలిపి ఇచ్చేది. చింతపండు ఉండలు కూడా, చక్కెర, కారం వేసి చుట్టినవి.

25వ తేదీ దెబ్బతిన్నాం. క్రిస్మస్ నాడు ఊరు ఊరంతా మూత, డబుల్స్ బండి కూడా లేదు, మా గెస్ట్ హౌస్‌లో ఆ రోజు మాత్రం బ్రేక్‌ఫాస్ట్ లేదన్నారు. ముందురోజే సరుకులు కొనుక్కుని పెట్టుకోండి. కాకపోతే ఆ నెలలోనే సారెల్ అనే ఎర్రటి పానీయం ఎక్కడ చూసినా ఉంటుంది. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే! మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకుల్ని లవంగాలు, దాల్చినచెక్కతో మరిగించి చక్కెర వేసి తాగుతారు. అత్తయ్య మాత్రం "ఆకులేం చేస్తారో పాపం" అని రెండు రోజులు బాధపడ్డారు. ఒక్క జాగ్రత్త, కొన్నిచోట్ల అందులో రమ్ కలుపుతారు, అడిగి తాగండి.

అలాగే కాలలూ. చేమాకు, బెండకాయ, కొబ్బరి పాలు కలిపి ఉడికించి చిలికిన చిక్కటి కూర, వింటే శాకాహారమే అనిపిస్తుంది, చాలాసార్లు పీతో, ఉప్పు మాంసమో పడుతుంది. పెలావ్ కూడా అంతే, చక్కెర మాడ్చి ఆ రంగులో కోడిని, బియ్యాన్ని, పచ్చి కందుల్ని కలిపి వండేది. నాకు ఆ కందుల కోసమే నచ్చింది.

పక్క దీవి టొబాగోకి ఒక్కరోజే వెళ్లాం. స్టోర్ బే బీచ్ దగ్గర ఆడవాళ్లు నడిపే కొట్లలో పీత కూర, పిండి ముద్దలు. చేతులు, మోచేతులు, చొక్కా అన్నీ పసుపు, కాబట్టి తెల్ల బట్టలు వద్దు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బస వుడ్‌బ్రూక్ పేటలో తీసుకుంటే సాయంత్రం తిండి కొట్లుండే అరియపీటా అవెన్యూకి దగ్గర, కానీ చీకటి పడ్డాక ఎక్కడికైనా నడవకుండా తెలిసిన టాక్సీ పిలుచుకోండి. పగలు మాక్సీ టాక్సీలు, అంటే మినీ బస్సులు, చవక, శాన్ ఫెర్నాండో వైపుకి ఆకుపచ్చ గీత ఉన్నది ఎక్కాలి.

ఇంకో మాట, కుచేలా సీసా కొంటే చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. మాది హ్యాండ్ బ్యాగ్‌లో ఉండిపోయి సెక్యూరిటీ దగ్గర ఆగిపోయింది, అత్తయ్య "ఇక్కడే ఒక ముద్ద తినేసి ఇస్తాను" అంటే కూడా ఒప్పుకోలేదు.