ట్రినిడాడ్ మిషన్ యాత్ర: రాయి చెప్పినంత గైడు చెప్పలేదు

పరాగ్వేలోని ఎన్‌కార్నసియోన్ నుంచి ఒక చిన్న ట్రావెల్ సంస్థ నడిపే ఒకపూట యాత్రలో, 1706లో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘపు గురువులు స్థానిక ఆదివాసులైన గ్వారనీ ప్రజల మధ్య నెలకొల్పిన ట్రినిడాడ్ మిషన్ (క్రైస్తవ మతప్రచార స్థావరం) శిథిలాలను చూశాను. వ్యాను వేళకే వచ్చింది. గుడి గోడల పైవరుసలో హార్ప్, వయొలిన్ లాంటి వాద్యాలు వాయిస్తున్న దేవదూతలను ఎర్రటి ఇసుకరాతిలో ఎంత నేర్పుగా చెక్కారంటే, ఆ వేళ్ల వంపును చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

అయితే గైడు వివరణ నిరాశపరిచింది. ఆ శిల్పాల్లో గ్వారనీల పనితనాన్ని ప్రస్తావించకుండా, అంతా గురువుల ఘనతగానే ఆయన చెప్పుకుపోయారు. బానిసల వేటగాళ్ల దాడుల నుంచి, స్పానిష్ వలసదారుల వెట్టి నుంచి తప్పించుకోవడానికి ఎందరో గ్వారనీలు మిషన్లలో చేరారనీ, అందుకు బదులుగా పాత నమ్మకాలను వదులుకుని గంట మోతకు కట్టుబడి బతకవలసి వచ్చిందనీ ఒక్క మాటైనా అనలేదు. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్లను వెళ్లగొట్టమని ఆజ్ఞాపించాక ఇక్కడి జనం ఏమయ్యారని అడిగితే, భోజనానికి ఆలస్యమవుతుందన్నారు. భోజనం మాత్రం బాగుంది. ప్రయాణానికి నాలుగు చుక్కలు, వివరణకు రెండు ఇస్తాను.