బల్లార్షా డెయిరీ చక్కా: ఎండాకాలం సలాడ్‌కి నేను కొనేది ఇదే

చిక్కటి, చల్లటి కూరగాయల సలాడ్ అనగానే చాలామంది మయోనైజ్ సీసా వైపు చూస్తారు. మహారాష్ట్ర సరిహద్దులో ఉండే మనవాళ్ళకు అంతకంటే మంచిది, తాజాది దగ్గర్లోనే దొరుకుతుంది. డెయిరీల్లో విడిగా తూచి ఇచ్చే చక్కా. మా బల్లార్షాలో స్టేషన్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్న డెయిరీ ఉంది. బోర్డు మీద దూధ్, దహీ, పనీర్, చక్కా అని మరాఠీలో నాలుగు మాటలు, అంతే. నేను రాస్తున్నది అక్కడి చక్కా గురించి, దానితో మా ఇంట్లో చేసే సలాడ్ గురించి.

తెలియనివాళ్ళ కోసం ముందే చెబుతాను. గేదె పాలు తోడుపెట్టి, ఆ పెరుగును పల్చటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే నీళ్ళన్నీ కారిపోయి మెత్తటి ముద్ద మిగులుతుంది. అదే చక్కా. ఇక్కడివాళ్ళు దాంట్లో చక్కెర, యాలకుల పొడి, కుంకుమపువ్వు కలిపి శ్రీఖండ్ చేస్తారు. తీపి కలపకుండా ఉప్పూ మిరియాలూ వేస్తే అది ఎంత మంచి సలాడ్ అవుతుందో మా ఇంట్లో తిన్న ప్రతివాళ్ళకీ తెలుసు.

మా మామయ్య పేపర్ మిల్లులో పనికోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, హిందీ. చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలిసిందే. మే నెలలో 46 డిగ్రీలు దాటిన రోజులు మాకు వింత కాదు. రోహిణి కార్తె వచ్చిందంటే పొద్దున తొమ్మిదికే వంట ముగించేయాలి, ఆ తర్వాత పొయ్యి ముట్టించే ప్రశ్నే లేదు. మధ్యాహ్నం వేడి కూర ముందు పెడితే పిల్లలు పళ్ళెం పక్కకు తోసేస్తారు. అందుకే మా ఇంట్లో ఉగాది నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా ఈ సలాడ్ నడుస్తుంది. పొద్దున చేసి ఫ్రిజ్‌లో పెడితే మధ్యాహ్నం జొన్నరొట్టెతోనో చపాతీతోనో భోజనం అయిపోతుంది.

ఈ డెయిరీ చక్కా ఎందుకు బాగుంటుందో మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఇంట్లో కట్టిన పెరుగు మూట రాత్రికి రాత్రే పులిసిపోతుంటే, వీళ్ళది మాత్రం కమ్మగా ఎలా ఉంటోందని యజమానినే అడిగాను. ఆయన, "తాయీ, లోపలికి వచ్చి చూడండి" అని వెనక గదిలోకి తీసుకెళ్ళారు. మూటలు చల్లటి గదిలో వేలాడుతున్నాయి, కింద స్టీలు గంగాళాల్లో తేట నీళ్ళు కారుతున్నాయి. విషయం అక్కడే ఉంది. పెరుగు తోడుకున్నాక కూడా అందులోని బ్యాక్టీరియా పని ఆపదు. వేడి ఉన్నంతసేపూ పులుపు పెంచుతూనే ఉంటుంది. మా వంటింట్లో ఎండాకాలం రాత్రి కూడా గోడలు వేడిగానే ఉంటాయి, అక్కడ ఎనిమిది గంటలు వేలాడితే పులవక ఏమవుతుంది? చల్లటి చోట కడితే నీళ్ళు పోతాయి, పులుపు మాత్రం అంతగా పెరగదు. ఇంట్లో చేసుకునేవాళ్ళు మూటను జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లోనే పెట్టండి. కాస్త ఆలస్యమైనా రుచి నిలబడుతుంది.

ఇక సరుకు. పొద్దున తెచ్చిన చక్కాలో చెంచా గుచ్చితే నిటారుగా నిలుస్తుంది. రంగు తెల్లగా ఉంటుంది, పసుపు ఛాయ ఉండదు. వేళ్ళ మధ్య రుద్దితే పలుకులు తగలవు, వాసనలో పాల కమ్మదనం ఉంటుంది. నాలుక మీద మొదట కొవ్వు, ఆ వెనక సన్నటి పులుపు తెలుస్తుంది. నాకు కావలసింది ఆ వరుసే. పులుపు ముందు తగిలితే సలాడ్ తినగా తినగా పళ్ళు జివ్వుమంటాయి.

సలాడ్ ఎలా చేస్తానో చెబుతాను. చక్కా గుణం అంతా అందులోనే బయటపడుతుంది. ఐదుగురికి నాలుగు వందల గ్రాముల చక్కా, రెండు కీరకాయలు, ఒక గాజర్ (క్యారెట్), ఒక పెద్ద ఆలుగడ్డ, గుప్పెడు బీన్స్, గుప్పెడు బఠానీ, ఒక చిన్న తెల్ల ఉల్లిగడ్డ. తెల్ల ఉల్లిగడ్డ ఇక్కడ ఎండాకాలం బాగా దొరుకుతుంది, ఘాటు తక్కువ కాబట్టి పచ్చిగా తినడానికి హాయిగా ఉంటుంది. ఎర్రదే ఉంటే సన్నగా తరిగి పది నిమిషాలు చల్లటి నీళ్ళలో వేసి పిండేయండి.

కీరకాయ దగ్గర తొందర పనికిరాదు. చెక్కు తీసి, నిలువుగా చీల్చి, గింజల భాగం చెంచాతో గీకేయాలి. ముక్కలు కోసి అర చెంచా ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు జల్లెడలో ఉంచాలి. ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీళ్ళు ఇప్పుడే పోవాలి. లేకపోతే సలాడ్ కలిపిన గంటకు అవి గిన్నెలోకి దిగి, డబ్బు పెట్టి కొన్న చిక్కదనమంతా మజ్జిగ అయిపోతుంది. తర్వాత గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. పిండిన నీళ్ళు పారబోయకుండా మజ్జిగలో కలుపుకుంటే ఎండకు మంచిది, ఉప్పు మళ్ళీ వేయకుండా ఉంటే చాలు.

ఆలుగడ్డ ఉడకబెట్టి, వేడిగా ఉన్నప్పుడే ముక్కలు చేసి వాటి మీద నిమ్మరసం, ఉప్పు చల్లాలి. వేడి ముక్క రసాన్ని లోపలికి పీల్చుకుంటుంది, చల్లారిన ముక్కకు రుచి పైపైనే అంటుతుంది. బీన్స్, బఠానీ ఉప్పు నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉడికించి వెంటనే చల్లటి నీళ్ళలో వేస్తే పచ్చరంగు పోదు. అన్నిటినీ పొడిగుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి. పూర్తిగా చల్లారేదాకా చక్కా జోలికి వెళ్ళకండి. వేడి ముక్కలు తగిలితే అందులోని వెన్న కరిగి, సలాడ్ పల్చబడి నూనె తేలినట్టు అవుతుంది.

చక్కాను వేరే గిన్నెలో చెంచాతో బాగా గిలక్కొట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు అది బిగుసుకుని ఉంటుంది, గేదె పాల కొవ్వు చలికి గట్టిపడటం వల్ల. రెండు మూడు చెంచాల చల్లటి పాలు పోస్తే మళ్ళీ సాగుతుంది. నీళ్ళు పోయకండి, కమ్మదనం పోతుంది. అందులో మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు చక్కెర, సన్నగా తరిగిన ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర. ఉప్పు అన్నిటికంటే చివర, రుచి చూసి వేయాలి. కీరకాయలో, ఆలుగడ్డలో ఇప్పటికే ఉంది కదా. అన్నీ కలిపి మూతపెట్టి ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచితే ముక్కలకూ చక్కాకూ పొత్తు కుదురుతుంది.

మా పక్కింటి మరాఠీ వదిన ఒకసారి తిని, "కోశింబీర్‌లో వేసినట్టు దీంట్లో పల్లీల పొడి వెయ్యి, చూడు" అంది. కోశింబీర్ అంటే మరాఠీవాళ్ళు చేసే పచ్చి కూరగాయల సలాడ్. వేయించిన పల్లీలు పలుకుగా దంచి వడ్డించే ముందు చల్లాను. అప్పటి నుంచి పల్లీలు లేకుండా చేయడమే లేదు. మెత్తటి చక్కాలో ఆ కరకర ఎంత బాగుంటుందో! మా అత్తమ్మకు మాత్రం ముక్కలు చాలా చిన్నవి చేసి, పల్లీలు వదిలేసి, ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి పోపు పెడతాను. పోపు కూడా చల్లారాకే కలుపుతాను. ఆమె దాన్ని పెరుగుపచ్చడి లాగా అన్నంలో కలుపుకుని తింటుంది. ఎండకు నాలుగు ముద్దలు కూడా పోవడం లేదనే మనిషి, ఇది ఉన్న రోజు రెండోసారి అడుగుతుంది. నాకు ఈ చక్కా మీద ఇంత అభిమానం ఉండడానికి అది పెద్ద కారణం.

సీసా మయోనైజ్‌తో కూడా ఇదే సలాడ్ చేసి చూశాను, గుడ్డు లేనిదే. చక్కగా కలుస్తుంది, తొందరగా నీళ్ళు వదలదు, సీసా తెరిచేదాకా బీరువాలోనే ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు చేసుకోవచ్చు. ఆ సుఖం ఒప్పుకోవాలి. కానీ దాని చిక్కదనం చాలావరకు నూనె వల్ల వచ్చేది. 46 డిగ్రీల మధ్యాహ్నం నాలుగు చెంచాలు తినేసరికి నోరంతా జిడ్డు పట్టి, కడుపు బరువెక్కుతుంది. ఇక పచ్చిగుడ్డుతో కొట్టే మయోనైజ్ ఈ ఎండల్లో నేను ఇంట్లోకి రానివ్వను. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు దాన్ని నిషేధించింది కూడా. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, వేడిలో అది తొందరగా పెరుగుతుంది. పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు?

సూపర్ మార్కెట్‌లో చిన్న కప్పుల్లో అమ్మే గ్రీక్ యోగర్ట్ బాగానే ఉంటుంది గానీ ఐదుగురికి చేయాలంటే ఎన్ని కప్పులు కావాలి! కొన్నిట్లో తీపి కూడా ఉంటుంది. కొంటే డబ్బా మీద చదివి, తీపి లేనిదే తీసుకోండి.

చక్కా అయినా, మయోనైజ్ అయినా, కలిపిన సలాడ్‌ను బయట ఉంచకూడదు. మా ఎండల్లో గంట దాటితే మిగిలినది నేను ఎవరికీ పెట్టను. వడ్డించేటప్పుడు పెద్ద పళ్ళెంలో ఐసుముక్కలు పోసి దాని మధ్యలో గిన్నె పెడతాను. పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ ఇది చేయించాలనుకునేవాళ్ళు ముందు ఆ చల్లదనం ఏర్పాటు చూసుకోండి.

ఈ డెయిరీలో నాకు నచ్చనివీ ఉన్నాయి. విడిగా అమ్మే సరుకు కాబట్టి ఏ రోజు కట్టారో ఎక్కడా రాసి ఉండదు, మనమే అడగాలి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వెళితే ఆ రోజు మూట విప్పినది ఇస్తారు. సాయంత్రం వెళితే కౌంటర్ పైన గిన్నెలో మిగిలినది ఇస్తారు. అలా ఒక సాయంత్రం తెచ్చినది బాగా పులిసి, అడుగున నీళ్ళు చేరి ఉంది. సలాడ్‌కి పనికిరాక మజ్జిగపులుసు పెట్టాను. మర్నాడు చెబితే వాదించకుండా డబ్బులు తిరిగి ఇచ్చారు, అది వాళ్ళ మంచితనం. కానీ ఫ్రిజ్ పెట్టుకుని చక్కాను కౌంటర్ మీద ఎందుకు ఉంచాలి? ఈ మాట వాళ్ళకు చెప్పాను, మళ్ళీ చెబుతాను. ఇంకొకటి, పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేస్తారు. ఇంటికి వచ్చేసరికి సగం సంచికే అంటుకుపోతుంది. నేను స్టీలు డబ్బా తీసుకెళ్ళి, ముందు ఖాళీ డబ్బా తూయించి, తర్వాత నింపించుకుంటాను. ఏమీ అనుకోరు.

కొత్త కొట్లో మొదటిసారి కొనేటప్పుడు నేను ఒక పని చేస్తాను. చిన్న చెంచాడు చక్కా కాసిని నీళ్ళలో కలిపి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తాను. చిక్కదనం కోసం పిండి కలిపి ఉంటే నీలం రంగు వస్తుంది. ఆ చెంచాడు పారబోయాలి, తినకూడదు. స్టేషన్ రోడ్డు డెయిరీ సరుకులో ఆ రంగు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

ధర ఈ వేసవిలో కిలో 320 రూపాయలు. లీటరున్నర గేదె పాలు కొని ఇంట్లో కడితే అరకిలో పైచిలుకు వస్తుంది, ఖర్చు కొంచెం తగ్గుతుంది. కానీ తోడు, గుడ్డ, రాత్రంతా ఫ్రిజ్‌లో చోటు, ఇవన్నీ లెక్క వేసుకుంటే నాకు కొనడమే నయం. మంచిర్యాలలో ఉండే మా చెల్లెలు వాళ్ళ బజార్లో విడి చక్కా దొరకలేదని, నేను ఎప్పుడు వస్తున్నా "అక్కా, డబ్బా మర్చిపోకు" అంటుంది. స్టీలు డబ్బాను ఐసుముక్కల సంచితో కలిపి థర్మోకోల్ పెట్టెలో సర్దితే దాదాపు రెండు గంటల రైలు ప్రయాణంలో ఏమీ కాదు. దిగగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండు రోజుల్లో వాడేయాలి.

ఒక్క జాగ్రత్త. మన ఉగాది నాడే ఇక్కడ గుడీ పాడ్వా. ఊరంతా శ్రీఖండ్ పూరీ చేసుకుంటారు కాబట్టి ఆ ముందు రోజు డెయిరీ ముందు పెద్ద లైను ఉంటుంది, పొద్దున పదికల్లా చక్కా అయిపోతుంది. దసరాకూ అంతే. పండగకు సలాడ్ పెట్టాలనుకుంటే రెండు రోజుల ముందే వెళ్ళి, ఎంత కావాలో చెప్పి, అడ్వాన్సు ఇచ్చి, పేరు రాయించుకోండి.