జాగ్రత్త: రిటైర్మెంట్ ప్లాన్ అని చెప్పి ఐయూఎల్ పాలసీ అంటగడుతున్నారు

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు, ముఖ్యంగా హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ విషయం చెప్పి తీరాలి. ఐయూఎల్ అంటే ఇండెక్స్‌డ్ యూనివర్సల్ లైఫ్, స్టాక్ మార్కెట్ సూచీని బట్టి వడ్డీ వచ్చే జీవిత బీమా. మూడేళ్లలో నేను దానికి 28,800 డాలర్లు కట్టాను. 2025 ఏప్రిల్‌లో పాలసీ సరెండర్ చేస్తే, అంటే మధ్యలోనే వదులుకుంటే, చేతికి వచ్చింది 7,110. రూపాయికి పావలా కూడా రాలేదు.

2022 ఫిబ్రవరిలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక ఫ్రెండ్ వాళ్ల పాప బర్త్‌డేలో ఈ పాలసీ అమ్మిన ఏజెంటు పరిచయమయ్యాడు. "మీది తెనాలా అన్నా? మా అత్తగారిది కొల్లిపర" అంటూ వరస కలిపాడు. మరుసటి శనివారం భార్యను కూడా తీసుకుని మా ఇంటికే వచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టి రెండు గంటలు చెప్పాడు. మార్కెట్ పెరిగితే డబ్బు పెరుగుతుందట, పడితే వడ్డీ సున్నా అవుతుందే తప్ప నష్టం ఉండదట, రిటైరయ్యాక లోన్ రూపంలో టాక్స్ లేకుండా వాడుకోవచ్చట. "2017 టాక్స్ కట్స్ 2025 చివరికల్లా అయిపోతాయి అన్నా. 401కెలో దాచిందంతా రేపు పెద్ద రేటుకి టాక్స్ కట్టి తీసుకోవాలి" అన్నాడు. నేను పడిపోయింది ఆ మాటకే. 401కె అంటే జీతంలోంచి టాక్స్ పడకముందే దాచుకునే రిటైర్మెంట్ ఖాతా. అందులో వేసేదాన్ని, మా ఆఫీసు తనవంతుగా కలిపే మ్యాచ్ వచ్చేంత వరకు తగ్గించేసి, నెలకు 800 డాలర్లు ఇటు మళ్లించాను.

ఆ టాక్స్ రేట్లను 2025 జులైలో వచ్చిన చట్టం పర్మనెంట్ చేసింది. రేపు ఇంకో కాంగ్రెస్ వచ్చి మార్చినా మార్చొచ్చు, కాదనను. కానీ ఎప్పుడో పెరగబోయే రేట్ల భయం చూపించి జీవితాంతం నడవాల్సిన కాంట్రాక్టు అమ్మడం చాలా పెద్ద తప్పు.

ఇప్పుడు అసలు కాగితం సంగతి. ముందు ముందు ఏ వయసుకు ఎంత వస్తుందో అంచనా చూపించే ఇలస్ట్రేషన్ అని 42 పేజీల పీడీఎఫ్ ఇస్తారు. ఏజెంటు దాన్ని ప్రింట్ తీసి, 66 ఏళ్ల వయసు దగ్గరున్న వరసకు పసుపు మార్కర్ పూశాడు. ఆ వరసలో ఏడాదికి 68,000 డాలర్లు అని ఉంది. మా ఆవిడ, నేను ఆ ఒక్క అంకె చూసే మురిసిపోయాం. అదే పేజీలో ఎడమవైపు "గ్యారంటీడ్" అని ఇంకో కాలమ్ ఉంది. అందులో 63 ఏళ్ల నుంచి కిందికి అన్నీ సున్నాలే. అంటే కంపెనీ గట్టిగా మాట ఇచ్చే లెక్కలో ఆ వయసుకు పాలసీయే మిగలదు. ఆ కాలమ్ మీద ఆయన అరచెయ్యి ఆనించి ఉంది. కావాలని పెట్టాడని నేను ఇప్పుడు నిరూపించలేను. కానీ ఒక్కసారి కూడా ఆ చెయ్యి తీసి, ఇదేమిటో చూడండి అనలేదు.

సున్నా కంటే తగ్గదు అన్నది వడ్డీ విషయంలోనే నిజం. 2022లో మార్కెట్ పడినప్పుడు నాకు వడ్డీ సున్నా వచ్చింది, చార్జీలు మాత్రం నెలనెలా కోసుకుంటూనే పోయారు. కట్టే ప్రతి ప్రీమియంలో కొంత ముందే పోతుంది, తర్వాత పాలసీ చార్జీ, ఆపైన ఇన్సూరెన్స్ ఖర్చు. ఈ ఖర్చు వయసుతో పాటు పెరుగుతుంది. పోనీ మార్కెట్ పెరిగినప్పుడైనా? 2023లో అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 24 శాతం పెరిగింది, డివిడెండ్లు కలిపితే 26. ఐయూఎల్‌లో డివిడెండ్లు మనకు రావు. నా పాలసీలో క్యాప్, అంటే వడ్డీకి గరిష్ఠ పరిమితి, 9.5 శాతం, అంతకు మించి ఎంత పెరిగినా నాకు రాదు. పైగా ఆ క్యాప్‌ను కంపెనీ తగ్గించుకోవచ్చని కాంట్రాక్టులోనే ఉంది.

2025 మార్చిలో లేఆఫ్ అయ్యాను. హెచ్1బీ మీద ఉన్న మన సంగతి తెలుసు కదా, 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. ఆ టెన్షన్‌లో నెలకు 800 కట్టలేక ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. అకౌంట్‌లో 21,310 ఉన్నాయన్నారు. కానీ మధ్యలో వదులుకున్నందుకు అందులోంచి కోసుకునే సరెండర్ చార్జీ 14,200 అట. ఈ చార్జీ పూర్తిగా పోవడానికి పదేళ్లకు పైనే పడుతుంది. ఏజెంటుకి ఫోన్ చేస్తే "ఇప్పుడు తీసేస్తే మీకే నష్టం అన్నా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. నవ్వుతూనే తడిగుడ్డతో గొంతు కోశాడు. సరెండర్‌లో పోయిన డబ్బును టాక్స్‌లో నష్టంగా చూపించుకోవడానికి కూడా కుదరదని మా టాక్స్ లెక్కలు చూసే సీపీఏ చెప్పారు.

ఇన్సూరెన్సే వద్దని నేను అనడం లేదు. పిల్లలున్నవాళ్లకు తప్పకుండా ఉండాలి. ఇప్పుడు నాకు 10 లక్షల డాలర్ల 20 ఏళ్ల టర్మ్ పాలసీ ఉంది, పొదుపు ఏమీ లేని ఉత్త బీమా, నెలకు 52 డాలర్లు. అప్పుడు నేను 401కె నింపలేదు, టాక్స్ కట్టిన డబ్బు దాచుకుని రిటైరయ్యాక టాక్స్ లేకుండా తీసుకునే రాత్ ఐఆర్ఏ ఖాతా అసలు తెరవనే లేదు. 2025లో ఏడాదికి వీటిలో వేయగలిగే పరిమితులు వరసగా 23,500, 7,000 డాలర్లు. ఇవి నిండకుండానే ఐయూఎల్ తీసుకోమనే మనిషిని మీ కమిషన్ ఎంత అని మొహం మీదే అడగండి. మనవాడే కదా అని మొహమాటపడి నేను అడగలేదు. మిమ్మల్ని కూడా ఏజెంటు లైసెన్స్ తీసుకుని వాళ్లతో చేరమంటే అక్కడే ఆగిపోండి.

న్యూయార్క్‌లో 2020 నుంచి లైఫ్ ఇన్సూరెన్స్ అమ్మే ఏజెంట్లు కూడా కొనేవాళ్ల మేలు చూసి సలహా ఇవ్వాలని రూల్ ఉంది. చాలా రాష్ట్రాల్లో అలాంటి రూల్ యాన్యుటీల వరకే, అంటే పెన్షన్‌లా డబ్బు వచ్చే పాలసీల వరకే. ఇది అన్ని రాష్ట్రాల్లోనూ రావాలి.

పాలసీ ఈమధ్యే చేతికి వచ్చి ఉంటే ఇవాళే తేదీ చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో కనీసం 10 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, ఆలోపు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. నేను పాలసీ వచ్చిన ఈమెయిల్‌ను మూడు వారాల తర్వాత తెరిచాను. గడువు దాటిపోయి ఉంటే ఏజెంటును కాదు, కంపెనీనే అడిగి "ఇన్‌ఫోర్స్ ఇలస్ట్రేషన్", అంటే మీ పాలసీ ఇప్పుడున్న స్థితి నుంచి వేసిన కొత్త అంచనా, తెప్పించుకోండి. వెంటనే సరెండర్ చేయకండి. పాలసీలు అమ్మని, గంటకింత అని ఫీజు తీసుకునే అడ్వైజర్‌కు చూపించండి. 1035 ఎక్స్ఛేంజ్ అని ఒక దారి ఉంది, అంటే అప్పటికప్పుడు టాక్స్ పడకుండా ఈ పాలసీ డబ్బును ఇంకో పాలసీలోకో యాన్యుటీలోకో మార్చుకోవడం. అది మీకు పనికొస్తుందేమో అడగండి. సరెండర్ చేసేముందు నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు.

పసుపు మార్కర్ పూసిన ఆ పేజీని స్కాన్ చేసి టెక్సాస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు పెట్టాను. జవాబు రాగానే ఏమన్నారో రాస్తాను.