దసరాకని చెప్పి ఉగాదికి ఇచ్చారు: విజయవాడలో కారు కొన్న అనుభవం

2021 ఆగస్టులో మావారూ నేనూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళి, ఒక షోరూములో 21 వేలు కట్టి కారు బుక్ చేశాం. ఆయనకు మోకాలి ఆపరేషన్ జరిగింది, బస్సు మెట్లు ఎక్కలేరు. నెలకు రెండుసార్లు విజయవాడ ఆస్పత్రికి చూపించుకోవాలి. విజయదశమికి తాళాలు చేతికిస్తామన్నారు మేనేజరు. కారు మా గుమ్మం ముందుకు వచ్చింది 2022 ఉగాది మర్నాడు.

ఆలస్యానికి ఆ షోరూమును తప్పుపట్టను. నన్ను బాధపెట్టింది "వచ్చే వారం వచ్చేస్తుంది మేడమ్" అన్న మాట. ఐదుసార్లు ఫోన్ చేస్తే ఐదుసార్లూ అదే జవాబు.

ఆరోసారి నేనే వెళ్ళాను. అమ్మకాల విభాగంలోని ఒక అబ్బాయి నన్ను వెనక సర్వీసు షెడ్డులోకి తీసుకెళ్ళి, బల్ల మీద విప్పి ఉంచిన ఇంజను కంట్రోల్ యూనిట్, అంటే ఇంజను పనిని అదుపు చేసే చిన్న కంప్యూటర్, చూపించాడు. అరచేయంత ఆకుపచ్చ పలక. దాని మధ్యలో గోరంత నల్లబిళ్ళ, అదే చిప్; నాలుగు వైపులా వెంట్రుకల్లాంటి సన్నని కాళ్ళు. "ఇలాంటివి దొరకకే ఆగింది మేడమ్. తేదీ చెబితే అబద్ధం చెప్పినట్లే" అన్నాడు.

2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు పడిపోయి కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించుకున్నాయట. ఆ ఖాళీని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు నింపేశాయి. ఆన్‌లైన్ పాఠాల కోసం మా బడి ఉపాధ్యాయులంతా అప్పుడే ట్యాబ్‌లు కొన్నాం. కార్లకు మళ్ళీ గిరాకీ వచ్చేసరికి ఆ కంపెనీలు వరుసలో చివరికి చేరాయి. చిప్ తయారవడానికే నెలలు పడుతుంది. దానికితోడు 2021 మార్చిలో జపాన్‌లోని నాకాలో, కార్లకు చిప్‌లు చేసే రెనెసాస్ కర్మాగారంలో మంటలు లేచాయి. తర్వాత మలేసియాలో కోవిడ్ ఆంక్షలు వచ్చి చిప్‌ల ప్యాకింగ్, పరీక్షల పని మందగించింది. మేం కొన్నది మారుతీ కారు కాదు గానీ, అంత పెద్ద సంస్థే ఆ సెప్టెంబరులో మామూలు ఉత్పత్తిలో 40 శాతమే చేయగలమని ప్రకటించింది.

తెర, వెనక కెమెరా లేని రకమైతే త్వరగా వస్తుందని కూడా ఆ అబ్బాయే చెప్పాడు. మా అరండల్‌పేట సందులో కెమెరా లేకుండా బండి వెనక్కి తీయలేనని ఆగాను. అది నా నిర్ణయం. నాకు నిజం చెప్పినందుకు ఆ అబ్బాయికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పినా తక్కువే.

మేనేజరు తీరు మాత్రం క్షమించలేను. డెలివరీ వారం ముందు, ధర 24 వేలు పెరిగిందన్నారు. బుక్ చేసిన నాటి ధర కాదు, ఇచ్చే నాటి ధరే కట్టాలని రసీదు వెనక చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. డబ్బు తీసుకునేటప్పుడే ఆ వాక్యం చదివి వినిపించాల్సింది. పైగా ఒక్క తాళమే ఇచ్చారు. రిమోట్‌లోనూ చిప్ ఉంటుంది కాబట్టి రెండోది తర్వాత వస్తుందన్నారు. అది జూన్‌లో వచ్చింది.

కారు బాగుంది. షోరూముకు ఐదుకు మూడు ఇస్తున్నాను.

2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి అనుమతి తప్పనిసరి చేసింది. చాలా విద్యుత్ కార్ల మోటార్లకు అవి కావాలి కాబట్టి, చిప్‌లప్పటిలాంటి ఆలస్యమే మళ్ళీ రావచ్చనిపించింది. ఆ వేసవిలోనే మా తమ్ముడు విద్యుత్ కారు కొంటానంటే వెంట వెళ్ళాను. ధర పెరిగితే ఎవరు భరించాలో, ఆలస్యమైతే బుకింగ్ డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కాగితం మీద రాయించి, ముద్ర వేయించుకున్నాకే వాడి చేత డబ్బు కట్టనిచ్చాను.