సటర్ హెల్త్ పార్క్‌లో ఏస్ మ్యాచ్: గ్రౌండ్ మంచిదే, టీమ్‌ని తెచ్చిన తీరే బాలేదు

కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో, శాక్రమెంటో దగ్గరి ఫాల్సమ్‌లో ఉన్న మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, బేస్‌బాల్ ఎప్పుడూ చూడలేదు, అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్ టీమ్ అథ్లెటిక్స్ (అందరూ ఏస్ అంటారు) ఇప్పుడు శాక్రమెంటో పక్కనే ఆడుతోంది కదా, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా, పెట్టిన డబ్బులకి తగ్గట్టు ఉంటుందా అని. ఉంటుందండి. గ్రౌండ్ బాగుంది, కుర్రాళ్ళు బాగా ఆడుతున్నారు. కానీ బే ఏరియాలోని పాత ఊరు ఓక్లాండ్‌లో ఏళ్ళ తరబడి ఈ టీమ్‌ని చూసినవాడిగా, అది అక్కడినుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో మాట్లాడకుండా సీట్లు, పార్కింగ్ గురించి మాత్రం రాసి ఊరుకోలేను, అందుకే ఇది కొంచెం పెద్ద రివ్యూ, ఓపిక చేసుకుని చదవండి.

ముందు గ్రౌండ్ సంగతి. నదికి ఒక ఒడ్డున శాక్రమెంటో డౌన్‌టౌన్, ఇంకో ఒడ్డున వెస్ట్ శాక్రమెంటోలో ఈ గ్రౌండ్, మధ్యలో బంగారు రంగు టవర్ బ్రిడ్జ్. నన్నడిగితే కారు డౌన్‌టౌన్ వైపు ఎక్కడన్నా పెట్టేసి బ్రిడ్జ్ మీద నడుచుకుంటూ రండి, సాయంత్రం పూట చాలా బాగుంటుంది, పైగా మ్యాచ్ అయ్యాక కార్ల వరసలో ఇరుక్కునే బాధ తప్పుతుంది. ఇది 2000లో రేలీ ఫీల్డ్ అనే పేరుతో మొదలైంది, మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) టీమ్ రివర్ క్యాట్స్ కోసం కట్టింది, వాళ్ళు ఇప్పటికీ ఇక్కడే ఆడతారు. ఆ టీమ్ వెనక ఉన్నది శాక్రమెంటో కింగ్స్ బాస్కెట్‌బాల్ టీమ్ ఓనర్ వివేక్ రణదివే, ముంబైలో పుట్టి ఇక్కడికొచ్చి పైకొచ్చిన మనిషి, ఏస్‌కి చోటిచ్చింది ఆయనే. మొత్తం పట్టేది 14 వేల మంది, అదీ అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి గట్టు మీద కూర్చునేవాళ్ళతో కలిపి. మేజర్ లీగ్‌లో మిగతా స్టేడియాలు మామూలుగా 35, 40 వేలు పట్టేవి. దీనివల్ల చూసేవాళ్ళకి లాభమే, ఎక్కడ కూర్చున్నా ఆట దగ్గరగా కనిపిస్తుంది, బంతి వచ్చి బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు కూడా వినిపిస్తుంది. చిన్నపిల్లలుంటే గడ్డి గట్టు టికెట్ తీసుకోండి, దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడోదానికే పిల్లలకి ఎలాగూ విసుగొస్తుంది, అక్కడైతే దొర్లుకుంటూ ఆడుకుంటారు, మనం ప్రశాంతంగా మ్యాచ్ చూసుకోవచ్చు.

ఇబ్బందల్లా ఎండ. శాక్రమెంటోలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, జులై ఆగస్టుల్లో వంద ఫారన్‌హీట్ దాటడం మామూలే, మధ్యాహ్నం మ్యాచ్ అయితే పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. రాత్రి మ్యాచ్‌లకి పర్లేదు, డెల్టా వైపు నుంచి చల్లగాలి తగిలిందంటే ఎనిమిది దాటాక హాయిగా ఉంటుంది. ఆటగాళ్ళకి మాత్రం ఇది మైనర్ లీగ్ గ్రౌండే, ఎంత మరమ్మతు చేసినా ఆ లెక్క మారదు. డ్రెస్సింగ్ రూములు అవుట్‌ఫీల్డ్ గోడ అవతల ఉన్నాయి, డగౌట్ నుంచి నేరుగా లోపలికి పోయే దారి లేదు, బంతి వేసే పిచర్‌ని మధ్యలో మార్చారంటే అతను లోపలికి వెళ్ళాలన్నా జనం ముందు నుంచి మైదానం అంతా నడుచుకుంటూ పోవాలి. మూడేళ్ళకి 6.7 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న పిచర్ లూయిస్ సెవెరీనోనే ఇక్కడ ఆడుతుంటే స్ప్రింగ్ ట్రైనింగ్ మ్యాచ్‌లా (సీజన్‌కి ముందు ఆడే ప్రాక్టీస్ మ్యాచ్) ఉందని బయటికే చెప్పాడు, అతన్ని తప్పుపట్టలేం.

ఆట విషయానికొస్తే మొదటిరోజు, 2025 మార్చి 31న, షికాగో కబ్స్ చేతిలో 18-3తో ఓడిపోయారు, ఇల్లు మారిన మొదటి రోజే అంత దెబ్బ. కానీ సీజన్ సాగేకొద్దీ కుర్రాళ్ళు నిలబడ్డారు. నిక్ కర్ట్జ్ అని ఒకడున్నాడు, జులైలో హ్యూస్టన్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, ఆ ఏడాది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు, కూడా వాడే, రెండో స్థానంలో నిలిచిన జేకబ్ విల్సన్ కూడా ఈ టీమ్‌వాడే. గట్టిగా కొట్టే బ్రెంట్ రూకర్ ఉన్నాడు. 76 గెలిచి 86 ఓడారు, గొప్ప లెక్కేం కాదు, కానీ 2023లో 112 మ్యాచ్‌లు ఓడిన టీమ్ ఇదే అని గుర్తుంటే ఇది ఎంత మార్పో తెలుస్తుంది. కర్ట్జ్ బ్యాట్ పట్టుకుని వచ్చినప్పుడు మాత్రం నాచోస్ కొనడానికి లేచి వెళ్ళకండి.

ఇక నాకు కష్టంగా ఉన్న సంగతి. ఈ టీమ్‌కి ఇప్పుడు ఊరి పేరు లేదు. స్కోర్‌బోర్డ్ మీదా టీవీలో అంతటా ఉత్త అథ్లెటిక్స్ అంతే. జెర్సీ ఒక చేతి మీద శాక్రమెంటో టవర్ బ్రిడ్జ్ బొమ్మ, ఇంకో చేతి మీద లాస్ వేగస్. శాక్రమెంటో జనం ఎంత అభిమానంగా అరిచినా ఈ టీమ్ 2028లో వేగస్ వెళ్ళిపోతుందని వాళ్ళకీ తెలుసు, ఆ తెలిసిన సంగతి స్టాండ్స్‌లో కనిపిస్తుంది. 14 వేల సీట్లే ఉన్నా 2025లో సగటున మ్యాచ్‌కి పది వేలమంది కూడా రాలేదు, మొత్తం లీగ్‌లోనే ఆఖరి స్థానం. ఓక్లాండ్‌లో జనం రావట్లేదు కాబట్టి వెళ్ళిపోతున్నాం అన్నారు కదా, మరి తెచ్చిపెట్టిన చోట అంతకన్నా తక్కువమంది వస్తుంటే దీన్ని ఏమనాలి?

అసలు ఓక్లాండ్‌లో జనం రావట్లేదు అన్న మాటనే నేను ఒప్పుకోను. 1968లో కాన్సస్ సిటీ నుంచి వచ్చారు (దానికి ముందు ఫిలడెల్ఫియా, 1955లో అక్కడినుంచి కాన్సస్ సిటీకి), వచ్చాక 1972, 73, 74 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచారు, మళ్ళీ 1989లో ఒకటి. 1990లో 29 లక్షల మంది వచ్చారు కోలిజియంకి, అంటే ఓక్లాండ్‌లోని వాళ్ళ పాత స్టేడియంకి. అంత పాత లెక్క ఎందుకంటారా, 2014లో 20 లక్షలు. 2019లో వైల్డ్ కార్డ్ అనే నాకౌట్ మ్యాచ్‌కి 54,005 మంది, పై డెక్‌లో ఖాళీ సీట్ల మీద కప్పిన పరదాలు కూడా తీసేయాల్సి వచ్చింది. టీమ్ గెలుస్తుంటే, ఆటగాళ్ళని ఉంచుకుంటే జనం వచ్చారు, ప్రతిసారీ వచ్చారు.

తర్వాత ఏం చేశారో చూడండి. 2022 సీజన్ మొదలయ్యేలోపే మ్యాట్ ఓల్సన్ అట్లాంటాకి, మ్యాట్ చాప్‌మన్ టొరాంటోకి, క్రిస్ బాసిట్ న్యూయార్క్ మెట్స్‌కి, షాన్ మనాయా శాన్ డియేగోకి పోయారు, ఆ ఏడాది చివర్లో షాన్ మర్ఫీ కూడా. జనం పేర్లు గుర్తుపెట్టుకున్న ప్రతి ఆటగాణ్ణీ అమ్మేసి, అదే సమయంలో సీజన్ టికెట్ల రేట్లు బాగా పెంచారు. ఆ సంవత్సరం వచ్చినవాళ్ళు 8 లక్షలు కూడా లేరు. కొట్లో సరుకంతా తీసేసి, ఉన్న నాలుగిటి రేటు పెంచి, గిరాకీ లేదని షట్టర్ దించడం ఇది, దానికి వీధిలో వాళ్ళని తిట్టడం ఎందుకు? ఓనర్ జాన్ ఫిషర్, గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన కుటుంబం అబ్బాయి, 2005లో కొన్నవాళ్ళలో ఒకడు, డబ్బు లేక చేసిన పని కాదు.

కోలిజియం అద్భుతంగా ఉండేదని నేను అనను. 1966 నాటిది, 2013లో డ్రెస్సింగ్ రూముల్లోకి మురుగునీళ్ళు పొంగాయి, 2023లో కామెంటరీ బాక్స్‌లోకి పాసమ్ అనే జంతువు దూరింది. రైడర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌ని లాస్ ఏంజెలిస్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి 1990ల మధ్యలో ఓ పెద్ద సిమెంటు స్టాండ్ లేపారు, మౌంట్ డేవిస్ అంటారు, దాంతో వెనకాల కనిపించే కొండలు మూసుకుపోయాయి. కొత్త స్టేడియం కావాల్సిందే, దాన్లో రెండో మాట లేదు. ఓక్లాండ్ ఊరు కూడా హవర్డ్ టెర్మినల్ దగ్గర, నీళ్ళ పక్కన, 1200 కోట్ల డాలర్ల ప్లాన్ మీద ఏళ్ళపాటు కూర్చుని మాట్లాడింది. ఆ మాటలు నడుస్తుండగానే 2023 ఏప్రిల్‌లో ఏస్ వాళ్ళు వేగస్‌లో స్థలం తీసుకుంటున్నాం అని ప్రకటించారు.

ఆ పాత స్టేడియంలో ఉన్న మంచి ఇక్కడ లేదు, అది చెప్పాలి. బార్ట్ (బే ఏరియా లోకల్ రైలు) దిగితే వంతెన మీదుగా నేరుగా గేటు దగ్గరికి, ఫ్రీమాంట్ నుంచి వెళ్ళేవాళ్ళకి కారు తీయాల్సిన పనే ఉండేది కాదు. బయటి తిండి లోపలికి రానిచ్చేవాళ్ళు, మేం పులిహోర డబ్బాలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం, పక్క సీట్లో వాళ్ళకీ పెట్టేవాళ్ళం. రైట్ ఫీల్డ్ బ్లీచర్స్‌లో (అవుట్‌ఫీల్డ్ వెనక బెంచీ సీట్లు) డ్రమ్స్ వాయించే గ్యాంగ్ ఉండేది, జెండాలు ఊపుతూ తొమ్మిది ఇన్నింగ్సూ ఆపేవాళ్ళు కాదు, ఓడిపోతున్నా సరే. అందులో నల్లవాళ్ళు, మెక్సికన్లు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మనవాళ్ళు, ఎవరన్నది ఎవరికీ పట్టేది కాదు, బేస్‌బాల్ రూల్స్ నాకు నేర్పింది టీవీ కాదు, ఆ బ్లీచర్స్‌లో కూర్చున్న పెద్దాయన.

2023 జూన్ 13 గుర్తుపెట్టుకోవాల్సిన రోజు. జనం రారు అంటున్నారు కదా, వచ్చి చూపిద్దాం అని అభిమానులే రివర్స్ బాయ్‌కాట్ పెట్టారు. మంగళవారం రాత్రి, లీగ్‌లో అట్టడుగున ఉన్న టీమ్, వచ్చినవాళ్ళు 27,759 మంది, ఆకుపచ్చ టీషర్ట్ మీద పెద్ద అక్షరాలతో సెల్ అని, అంటే టీమ్‌ని అమ్మెయ్ అని. టాంపా బే మీద 2-1తో గెలిచారు కూడా. అదే రోజు నెవాడా సెనేట్ వేగస్ స్టేడియంకి 38 కోట్ల డాలర్ల ప్రజల డబ్బు ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబర్‌లో 30 టీమ్‌ల ఓనర్లు ఓటేశారు, 30కి 30 సరే అన్నారు. ఒక్కరు, ఒక్క ఓనర్ కూడా వద్దనలేదు, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఆఖరి మ్యాచ్ 2024 సెప్టెంబర్ 26, టెక్సస్ మీద 3-2 గెలుపు, 46,889 మంది. లాంఛనంగా మొదటి బంతి పాత ఏస్ ఆటగాళ్ళు రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ వేశారు. ఓక్లాండ్‌లోనే పెరిగిన రికీ ఆ డిసెంబర్‌లో చనిపోయాడు. అప్పటికే బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ 2019లో శాన్ ఫ్రాన్సిస్కోకి, రైడర్స్ 2020లో వేగస్‌కి వెళ్ళిపోయారు, అయిదేళ్ళలో మూడు టీమ్‌లు పోగొట్టుకున్న ఊరు అది. మనకి ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ పోయినా 2013కల్లా అదే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ఆడింది, ఓక్లాండ్‌కి అలా ఇంకో మేజర్ లీగ్ టీమ్ ఇచ్చేవాళ్ళు ఎవరూ కనిపించట్లేదు.

ఆ కోలిజియం ఖాళీగా లేదు. 2025 మార్చిలో ఓక్లాండ్ రూట్స్ ఫుట్‌బాల్ టీమ్ (సాకర్ అనాలి ఇక్కడ) మొదటి మ్యాచ్‌కి పాతిక వేలమందికి పైనే వచ్చారు. జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది, ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, 19 సిక్సులు, బేస్‌బాల్ ఆడిన గడ్డ మీదే. జనం రాని ఊరు అన్నది ఈ ఊరినే.

కాబట్టి నా రేటింగ్ ఇదీ. గ్రౌండ్‌కి 5కి 3.5, ఎండ లేకపోతే 4 ఇచ్చేవాణ్ణి. ఆటకి 4. అక్కడ పనిచేసే వాళ్ళకి 5, గేట్ దగ్గర్నుంచి కూల్‌డ్రింక్ అమ్మే అమ్మాయి దాకా అందరూ మర్యాదగా మాట్లాడారు, మొదటిసారి వచ్చినవాళ్ళకి సీటు దాకా దారి చూపించారు. వేగస్‌లో ట్రాపికానా కాసినో పడగొట్టిన చోట 33 వేల సీట్ల స్టేడియం పని 2025 జూన్‌లో మొదలుపెట్టారు, అది పూర్తయ్యేదాకా టీమ్ ఇక్కడే ఉంటుంది, శాక్రమెంటో చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కర్ట్జ్‌ని, విల్సన్‌ని ఇంత దగ్గర్నుంచి చూసే అవకాశం వదులుకోకండి, ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు. పెద్ద టీమ్‌లు, యాంకీస్, డాడ్జర్స్ లాంటివి వచ్చినప్పుడు సీట్లు తక్కువ కాబట్టి రేట్లు ఎక్కడికో పోతాయి, మామూలు వారం మధ్య రాత్రి మ్యాచ్ చూసుకోండి.

బే ఏరియాలో ఉన్నవాళ్ళకి మాత్రం నా సలహా వేరు. వెస్ట్ ఓక్లాండ్‌లో రైమాండీ పార్క్ ఉంది, అక్కడ ఓక్లాండ్ బాలర్స్ ఆడతారు, ఏస్ వెళ్ళిపోతున్నారని తెలిశాక ఊరివాళ్ళే మొదలుపెట్టిన టీమ్, పయనీర్ లీగ్ అనే చిన్న లీగ్‌లో, 2024 నుంచి. నాలుగు వేల సీట్లు, అభిమానులకి కూడా టీమ్‌లో షేర్లు అమ్మారు, ఓనర్ రాత్రికి రాత్రి మూట కట్టుకుపోయే భయం తక్కువ. ఆట స్థాయి మేజర్ లీగ్ కాదు, తప్పులు చేస్తారు, బంతులు వదిలేస్తారు, అయినా రెండో ఏడాదే, 2025లో, లీగ్ టైటిల్ కొట్టారు. కోలిజియం బ్లీచర్స్‌లో చూసిన మొహాలు చాలా అక్కడ కనిపిస్తాయి, డ్రమ్స్‌తో సహా. సీజన్ మే నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది, సాయంత్రం బే గాలి చలిగా ఉంటుంది కాబట్టి పిల్లలకి స్వెటర్లు పట్టుకెళ్ళండి.