టీఎల్ఏ ప్లస్‌: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆర్డర్, పేమెంట్, రద్దు, రీఫండ్ లాంటి మెట్లున్న వర్క్‌ఫ్లోలను కోడ్ రాయకముందే సరిచూసుకోవడానికి కొన్నేళ్లుగా టీఎల్ఏ ప్లస్ వాడుతున్నాను. లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన ఈ భాషలో, సిస్టమ్ ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్లొచ్చో, ఏ నియమం ఎప్పుడూ తప్పకూడదో రాస్తాం. టీఎల్‌సీ అనే మోడల్ చెకర్ సాధ్యమైన స్థితులన్నీ వెతికి, నియమం తప్పితే అక్కడికి ఎలా చేరిందో మెట్టు మెట్టుగా చూపిస్తుంది. ఆ మెట్ల వరుసనే ట్రేస్ అంటారు.

నేను దీన్ని వదలలేకపోవడానికి కారణం ఆ ట్రేసే. ఒక రీఫండ్ వర్క్‌ఫ్లోకి ‘ఒక ఆర్డర్‌కి డబ్బు ఒక్కసారే వెనక్కి వెళ్లాలి’ అని నియమం పెట్టాను. టీఎల్‌సీ చూపించింది ఇది: కస్టమర్ రద్దు చేశాడు, రిక్వెస్ట్ బ్యాంకుకి చేరింది, డబ్బు వెళ్లింది, జవాబు వచ్చేలోపు టైమౌట్ అయింది, సర్వర్ మళ్లీ పంపింది, డబ్బు మళ్లీ వెళ్లింది. టెస్టుల్లో ఉత్తుత్తి బ్యాంకు వెంటనే జవాబిస్తుంది కాబట్టి అక్కడ ఇది బయటపడదు. రిక్వెస్ట్‌కి ఒక ఐడీ ఇచ్చి, అదే ఐడీ మళ్లీ వస్తే బ్యాంకు పాత జవాబే ఇచ్చేలా మార్చాక నియమం నిలబడింది.

తప్పేమీ లేదని వస్తే మాత్రం నేను వెంటనే నమ్మను. ‘రీఫండ్ ఎప్పటికీ పూర్తికాదు’ అని కావాలనే ఒక తప్పుడు నియమం పెడతాను. అదీ పాసయితే, మోడల్ అసలు రీఫండ్ దాకా వెళ్లడమే లేదన్నమాట.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కో ఆర్డర్‌కి 5 స్థితులుంటే 3 ఆర్డర్లకి 125 కలయికలు, 10 ఆర్డర్లకి 97 లక్షల పైనే. అందుకే రెండు మూడు ఆర్డర్లతోనే సరిపెట్టుకుంటాను, చాలా తప్పులు అంతలోనే దొరుకుతాయి. ‘చివరికి రీఫండ్ అందాలి’ లాంటి నియమాలకు ఫెయిర్‌నెస్ షరతు (చేయగలిగే పనిని సిస్టమ్ ఎప్పటికీ వాయిదా వేస్తూ పోకూడదనే షరతు) రాయకపోతే, సిస్టమ్ ఏమీ చేయకుండా కూర్చున్న ట్రేస్ వస్తుంది. కొత్తవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. నాకున్న అసలు అసంతృప్తి వేరు: ‘ఎక్కడున్నా ముగింపుకి చేరే దారి ఒకటైనా మిగిలి ఉందా’ అన్న ప్రశ్నను ఇందులో నేరుగా రాయలేం. వర్క్‌ఫ్లోలకి అది చాలా ముఖ్యం. దానికోసం న్యూఎస్ఎమ్‌వీ అనే మరో మోడల్ చెకర్ దగ్గరికి వెళ్తాను. అలాంటి ‘దారి ఉందా’ ప్రశ్నలు రాయగలిగే సీటీఎల్ అనే తర్కభాష దానికి అర్థమవుతుంది.

నియమాలిస్తే వర్క్‌ఫ్లోనే కట్టిపెట్టే సింథసిస్ పరికరాలూ వాడాను. ప్నూలీ, రోస్నర్ అనే పరిశోధకులు 1989లోనే ఈ సమస్య ఎంత భారమో చూపించారు. 2006లో వచ్చిన జీఆర్(1) పద్ధతి నియమాల రూపాన్ని కుదించి దాన్ని చాలా తేలిక చేసింది. అయితే ‘రద్దయిన ప్రతి ఆర్డర్‌కీ రీఫండ్’ అని మాత్రమే రాసిస్తే, పరికరం అసలు ఏ ఆర్డరూ తీసుకోని వర్క్‌ఫ్లో కట్టి ఇచ్చింది. అడిగిన నియమం ప్రకారం అదీ సరైనదే. ‘వచ్చిన ప్రతి ఆర్డర్‌నీ చివరికి తీసుకోవాలి’ అని చేర్చాకే పనికొచ్చేది వచ్చింది. అందుకే ఇప్పటికీ వర్క్‌ఫ్లో నేనే రాసి, టీఎల్‌సీతో సరిచూసుకుంటున్నాను. సింథసిస్‌ని చిన్న కంట్రోలర్లకే వాడుతున్నాను.