జిమ్నీకి పెద్ద టైర్లు: అనంతగిరి మొరం బాట నుంచి శ్రీశైలం ఘాటు దాకా

2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతి సుజుకి ఐదు తలుపుల జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. ఇందులో మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. హైదరాబాద్‌లో ఈ బండి కొన్నవారిలో చాలామంది మొదట మార్చాలనుకునేది ఆ టైర్లనే. యాక్సిళ్లు, గేర్లు, బ్రేకులు కంపెనీవే ఉంచుకొని టైరును ఎంతవరకు పెంచవచ్చునన్నది తేల్చుకోవాలని, వానాకాలం చివర నేనూ నా మిత్రుడూ చెరొక జిమ్నీలో వికారాబాద్ వైపు, ఆ తర్వాత శ్రీశైలం దారిలో ప్రయాణం చేశాము. నా బండికి 215/75 ఆర్15, ఆయన బండికి 235/75 ఆర్15 టైర్లున్నాయి. రెండూ తారు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ రకమే. సస్పెన్షన్‌ను ఇద్దరమూ ముట్టుకోలేదు.

ముందుగా కొలతలు చూడాలి. కంపెనీ టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, 215/75ది దాదాపు 703, 235/75ది దాదాపు 733. జిమ్నీకి ముందూ వెనకా ఉన్నవి రిజిడ్ యాక్సిళ్లు, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులు కనుక, నేలకు అన్నిటికంటే ముందు తగిలేది యాక్సిల్ మధ్యనున్న డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) గుండు. స్ప్రింగులు మార్చి బాడీని ఎంత లేపినా ఆ గుండు ఎత్తు పెరగదు. దానిని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. అంటే నా టైరుతో వచ్చిన లాభం 5 మిల్లీమీటర్లు, మిత్రుని టైరుతో వచ్చినది 20 మిల్లీమీటర్లు. పెద్ద టైరు కోరుకునేవారి వాదనలో నిజమైన బలం ఈ 20 మిల్లీమీటర్లలోనే ఉంది, దానిని తేలికగా తీసివేయకూడదు.

హైదరాబాద్ నుంచి సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని అనంతగిరి కొండల మీద నేల ఎర్రని మొరం. రిజర్వ్ ఫారెస్టులోకి బండి తీసుకుపోకూడదు కాబట్టి, కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు చేల మధ్య సాగే బండ్లబాటలనే, ఆ రైతులను అడిగి, ఎంచుకున్నాము. మొరం మీద రెండు బండ్లకూ తేడా కనిపించలేదు. ట్రాక్టర్లు లోతుగా గాళ్లు చేసిన ఒకచోట మాత్రం నా బండి డిఫరెన్షియల్ మధ్య గట్టును గీసుకుంటూ వెళ్లగా, ఆయనది తగలకుండా దాటింది. నల్లరేగడిలోకి దిగాక లెక్క మారిపోయింది. తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండి గట్టిపడితే ఏ టైరైనా నున్నటి చక్రంగానే మిగులుతుంది. వెడల్పైన 235 ఆ బురద మీద తేలుతూ పక్కకు జారుతుంటే, సన్నని 215 పై పొరను కోసుకొని కింది గట్టి నేలను కొంత అందుకోగలిగింది. తాండూరు వైపు కంది చేల బాటల్లో తిరిగేవారికి టైరు ఎత్తు కన్నా, బురదను విదిల్చుకోగల గాళ్లూ టైరులో గాలి తగ్గించుకోవడమూ ఎక్కువ ఉపయోగపడతాయని నా గట్టి అభిప్రాయం. గాలి తగ్గించినవారు తారు రోడ్డు ఎక్కకముందే తిరిగి నింపుకోవాలి. ఆ బాటల్లో పంక్చర్ షాపు దొరుకుతుందన్న భరోసా ఉండదు కనుక చిన్న కంప్రెసర్ బండిలో ఉండి తీరాలి.

బస విషయానికి వస్తే, అనంతగిరిలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు కుటుంబంతో వచ్చేవారికి అనువైనది. మేము దిగినది కోట్‌పల్లి దగ్గరి ఒక ఫామ్ స్టే. గదులు సాదావే అయినా, బోరు పైపుతో యాక్సిళ్ల మీది బురదంతా కడుక్కోనిచ్చారు. ఆ కడిగిన తర్వాతే మిత్రుని బండి ముందు బంపర్ లోపలి ప్లాస్టిక్ మీద టైరు రాసుకున్న గీతలు బయటపడ్డాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు చక్రం గుంతలో పడి పైకి లేస్తే 235 అక్కడ తగులుతోంది.

శ్రీశైలం దారి వేరే పరీక్ష. నగరం నుంచి దాదాపు 215 కిలోమీటర్లు, మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు మూసివేస్తారు, సొంత బండితో రోడ్డు దిగి అడవిలోకి వెళ్లే వీలు లేదు, ఫరహాబాద్‌కు అటవీ శాఖ సఫారీ వాహనంలోనే వెళ్లాలి. అది సరైన నియమమే. మన్ననూరులో ఆ శాఖ వారి కాటేజీలున్నాయి. అడవి కోసం వచ్చేవారు శ్రీశైలం సత్రాల రద్దీకి పోకుండా అక్కడ దిగడం మేలు. ఈ దారిలో ఫోర్ వీల్ డ్రైవ్‌తో పని లేదు గాని, ఘాటు మలుపుల్లో పెద్ద టైరు బరువు ప్రతి అడుగునా తెలుస్తుంది. 134 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఆ 1.5 లీటర్ ఇంజన్‌కు టైరు వ్యాసం 5.8 శాతం పెరిగితే ప్రతి గేరులోనూ లాగే శక్తి దాదాపు అంతే తగ్గుతుంది. నేను మూడో గేరులో ఎక్కిన చోట ఆయన రెండో గేరుకు దిగవలసి వచ్చింది. డ్యాం వైపు దిగేటప్పుడు అంతే వేగాన్ని ఆపడానికి బ్రేకు మరింత గట్టిగా తొక్కాలి. మీటరు 80 చూపినప్పుడు పాత టైర్లతో పోలిస్తే బండి దాదాపు 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది.

యాక్సిల్ సంగతి నిదానంగా ఆలోచించదగినది. టైరు వ్యాసార్థం పెరిగేకొద్దీ నేల పట్టు యాక్సిల్ షాఫ్టు మీద చూపే మెలి కూడా పెరుగుతుంది. వేగం తగ్గించి లాగే శక్తి పెంచే లో రేంజ్ గేర్లలో, రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రం గిర్రున తిరిగి ఒక్కసారిగా పట్టు దొరకబుచ్చుకున్న క్షణంలో షాఫ్టు మీదా, డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల పళ్ల మీదా పడే దెబ్బ అసలు ప్రమాదం. 235తో నెమ్మదిగా, యాక్సిలరేటర్ మీద అదుపుతో నడిపేవారికి షాఫ్టు వెంటనే విరిగిపోదు. కాని ముందు చక్రాలు స్టీరింగ్‌తో తిరిగే కీలు దగ్గరి నకిల్ బేరింగులు, వీల్ బేరింగులు త్వరగా అరుగుతాయి. పైగా 235/75కు కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి, జిమ్నీ రిమ్ము 5.5 అంగుళాలే. మిత్రునికి టైర్లు అమ్మిన దుకాణంలో ఈ మాట చెప్పకుండానే పాత రిమ్ములకు ఎక్కించి పంపారు. అటువంటి చోట బ్యాలెన్సింగ్ బాగా చేశారని సంతోషించడం నాకు సాధ్యం కాలేదు. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది కనుక, పరిమాణం మార్చేముందు ఆర్టీఏలోనూ బీమా సంస్థలోనూ కనుక్కోవాలి.

హైదరాబాద్‌లో ఉంటూ సెలవు రోజుల్లో ఇటువంటి దారుల్లో తిరిగే బండికి 215/75 ఆల్ టెర్రెయిన్ చాలునని నేను నిర్ణయించుకున్నాను. రాళ్ల దారులే ప్రధానమైనవారు 235కు వెళ్లవచ్చు గాని, రిమ్ములతో పాటు గేరింగ్, బ్రేకుల ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. ఏ టైరు ఎంచుకున్నా ఐదు కొనాలి. వెనక తలుపుకు పాత 195 స్టెప్నీగా మిగిలిపోతే, పంక్చర్ అయిన రోజున ఒక చక్రం చిన్నదవుతుంది. ముందు, వెనక యాక్సిళ్లు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ జిమ్నీలో లేదు కనుక, ఆ స్థితిలో ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి వాటికి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. అటువంటప్పుడు పంక్చర్ షాపు చేరేదాకా టూ వీల్ డ్రైవ్‌లోనే నడపాలి.